బొటనవ్రేలు, గాజుపలక: ఫోనుకు తగిలించు ఆట కంట్రోలరుల కథ

హార్మోనియము వాయించువాడు కన్నులు మూసికొన్నను మెట్టు తప్పడు. మెట్టు అంచు వ్రేలికి తగులును. నొక్కినపుడు అది దిగును, విడిచినపుడు లేచును. టైపు చేయువారి సంగతియు ఇట్టిదే. స్మార్టు ఫోను గాజుపలకపై ఈ సౌకర్యము లేదు. అందు కనిపించునది మీట కాదు, మీట బొమ్మ. అది ఎక్కడ మొదలైనదో, ఎక్కడ ముగిసినదో వ్రేలికి తెలియదు. పైగా ఆటలో చూడవలసిన దృశ్యమును ఆడువాని బొటనవ్రేళ్ళే కప్పివేయును. ఈ లోపమును తీర్చుటకే ఫోనుకు తగిలించుకొను ఆట కంట్రోలరులు పుట్టినవి. అయితే వాటి చరిత్ర చూచినచో ఒక విచిత్రము కనిపించును. మంచి మీటలు చేయుట ఎవరికిని అంత కష్టము కాలేదు. ఆ మీటల మాటను ఫోను చేత వినిపించుటయే కష్టమైనది.

మీటల విద్య ఫోనుకంటె చాల పాతది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు వచ్చు సందర్శకుల వినోదమునకై విలియం హిగిన్‌బోథం అను శాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరపై టెన్నిసు ఆట నొకదానిని అమర్చెను. ఆటగాని చేతిలో ఒక త్రిప్పుడు మర, ఒక నొక్కుడు మీట మాత్రమే ఉండెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ‘స్పేస్‌వార్’ అను ఆట తయారైనపుడు, మొదట కంప్యూటరు ముందుభాగమున నున్న స్విచ్చులతోనే ఆడెడివారు. మోచేతులు నొప్పి పుట్టుచుండెను. అలన్ కొటోక్, రాబర్ట్ సాండర్స్ అనువారు దొరికిన సామగ్రితో విడిగా చేతిపెట్టెలు చేసి ఆ బాధ తప్పించిరి. కంట్రోలరు అనునది యంత్రమునకు దూరముగా, చేతికి దగ్గరగా ఉండవలెనను సూత్రము అప్పటి నుండి స్థిరపడినది.

జేబులో పట్టు ఆటకు నిలువు కర్ర వంటి జాయ్‌స్టిక్కు పనికిరాదు. 1982లో జపానుకు చెందిన నింటెండో సంస్థలో గుంపెయి యొకోయి అను ఇంజనీరు ‘డాంకీ కాంగ్’ అను మడత ఆటయంత్రమునకు కూడిక గుర్తు ఆకారముగల మీటను చేర్చెను. దాని నడిమి భాగము ఒక ఆధారముపై నిలుచును. ఒక కొమ్మ నొక్కినచో ఎదుటి కొమ్మ లేచును. కావున ఎదురెదురు దిక్కులు రెండును ఒకేసారి నొక్కబడుట సాధ్యము కాదు. బొటనవ్రేలు ఎత్తకుండగనే నాలుగు దిక్కులకును జరుగవచ్చును. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన ఇమిడి యుండుట అరుదు. 1989 నాటి ‘గేమ్ బాయ్’ మొదలు నేటి కంట్రోలరుల వరకు ఈ కూడిక మీట నిలిచియే ఉన్నది.

ఫోనులో ఆట చేరినపుడు మొదట ఏ ఇబ్బందియు కలుగలేదు. 1997లో వచ్చిన నోకియా 6110లో పామును అంకెల మీటలతోనే నడిపిరి. 2003లో అదే సంస్థ ఆటయంత్రమును, ఫోనును కలిపి ‘ఎన్-గేజ్’ అను పరికరమును తెచ్చెను. ఆట మార్చవలెనన్న బ్యాటరీ తీయవలెను. మాటలాడవలెనన్న పరికరపు అంచును చెవికి ఆనించవలెను. జనులు నవ్విరి. 2007లో ఐఫోను వచ్చి మీటల నన్నిటిని తుడిచివేసెను. మరుసటి సంవత్సరము ఆప్ స్టోరు తెరువబడి గాజుపై ఆటలు వేలకొలదిగా వచ్చి పడినవి.

2010 ఏప్రిల్ 1వ తేదీన అమెరికాలోని ఒక వస్తు విక్రయ సంస్థ ఐప్యాడును ఆటలపెట్టెగా మార్చు ‘ఐకేడ్’ అను వస్తువును హాస్యమునకై ప్రకటించినది. కావలెనని అడిగినవారు ఎక్కువగుటచే 2011లో అది నిజముగనే అమ్మకమునకు వచ్చినది. ఐప్యాడుకు అప్పటికి జాయ్‌స్టిక్కు అనిన నేమో తెలియదు. బ్లూటూత్ కీబోర్డు మాత్రము తెలియును. అందుచే ఐకేడ్ కీబోర్డు వేషము వేసెను. కర్రను పైకి త్రోసిన ‘డబ్ల్యు’ అక్షరము, వదలిన ‘ఇ’ అక్షరము పంపును. నొక్కుటకు ఒకటి, వదలుటకు వేరొకటి! ఆట వ్రాసినవారు ఆ అక్షరములను కదలికలుగా అర్థము చేసికొనవలెను. ఉపాయము చక్కనిదే గాని, ఈ రహస్యలిపి తెలిసిన ఆటలలో తప్ప అది పనిచేయదు.

ఆండ్రాయిడ్ 2011లో 3.1 రూపము నుండియే కంట్రోలరులను గుర్తించినది. ఆపిల్ 2013లో ఐఓఎస్ 7తో అందరికి ఒకే నియమావళి నిర్ణయించెను. ఆ సంవత్సరాంతమున లాజిటెక్ వారి ‘పవర్‌షెల్’, ‘మోగా’ వారి మరియొకటి రమారమి 100 డాలర్ల వెలతో వచ్చినవి. ఐఫోను 5ను వాటిలోనికి దూర్చవలెను. 2014లో ఐఫోను 6 పెద్దదై వచ్చుటతో ఆ తొడుగులు కొత్త ఫోనుకు పట్టలేదు. అదిగాక, కంట్రోలరు లేకున్నను ఆట ఆడదగినదిగా ఉండవలెనని అప్పటి ఆపిల్ నియమము. కావున ఆటలు చేయువారు గాజును దృష్టియందుంచుకొనియే చేసిరి. మీటలకు రెండవ పీటయే దక్కినది.

2019లో ఐఓఎస్ 13 ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కంట్రోలరులను అంగీకరించుటతో ఈ చిక్కు చాలవరకు విడిపోయినది. 2020లో వచ్చిన ‘రేజర్ కిషి’, ‘బ్యాక్‌బోన్ వన్’ అనునవి సాగు నడుము గలవి. ఫోను పొడవును బట్టి విప్పారి ఇరువైపుల పట్టుకొనును. ఇవి బ్లూటూత్ విడిచి ఫోను ఛార్జింగు రంధ్రములోనే చేరును. సెకనుకు 60 చిత్రములు చూపు ఆటలో ఒక్కొక్క చిత్రమునకు సుమారు 17 మిల్లీసెకనులే వ్యవధి. రేడియో మార్గములోని స్వల్ప ఆలస్యము గూడ నేర్పరియైన ఆటగానికి తెలియును. అయితే రంధ్రమును నమ్ముకొన్నందుకు ఫలితము కలదు. 2023లో ఐఫోను 15 యుఎస్‌బి-సి రంధ్రముతో రాగా, పాత లైట్నింగ్ మొన గల కంట్రోలరులు దానిలో దూరలేదు.

ఇంత వెల పెట్టలేని వారికి వేరొక మార్గమున్నది. మన దేశములో 2018లో పబ్జీ మొబైల్ వచ్చిన పిదప ఫోను అంచుకు బిగించు చిన్న ‘ట్రిగ్గరు’లు ఫోను దుకాణములలో విరివిగా కనిపించినవి. వీటిలో చాలవాటికి బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. గాజు క్రింద విద్యుత్తును గ్రహించు సన్నని పొర యుండును. మన వ్రేలు తాకినపుడు ఆ చోటి విద్యుద్ధారిత మారుటచే ఫోను స్పర్శను కనుగొనును. ట్రిగ్గరులోని లోహపు మీటకు చివర విద్యుద్వాహక రబ్బరు ముక్క యుండును. చూపుడువ్రేలు మీటను లాగగా రబ్బరు గాజును తాకి వ్రేలికి బదులు నిలుచును. చేతితో విద్యుత్సంబంధము లేని వట్టి ప్లాస్టిక్ ముక్కతో ఈ పని జరుగదు. వ్రేలు తాకినదనియే ఫోను భావించును గనుక ఎవరి నియమావళియు దీనికి అక్కరలేదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మన దేశమున నిషేధింపబడిన తరువాత గూడ, తెరపై మీట బొమ్మ గల ఇతర ఆటలకు ఆ ట్రిగ్గరులే పనికివచ్చినవి.