కొల్లూరు గనులు, పులిచింతల నీళ్లు

చిరుధాన్యం చల్లుకుందామని ఒక పేదవాడు నేల తవ్వుతుంటే దాదాపు 25 క్యారెట్ల రాయి బయటపడిందట. కృష్ణా ఒడ్డునున్న కొల్లూరు గని పుట్టుక గురించి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే విని రాసిపెట్టిన కథ ఇది. అంతకుముందు 10, 12 క్యారెట్లను మించిన రాయిని ఎరగని గోల్కొండ వర్తకుడు దాన్ని చూసి నిర్ఘాంతపోయాడు. కబురు పాకింది, డబ్బున్నవాళ్లు దిగారు. 17వ శతాబ్దంలో టావెర్నియే వచ్చేనాటికి అక్కడ 60,000 మంది దాకా పనిలో ఉన్నారని ఆయనే రాశాడు.

ఆ పని ఎలా ఉండేదో కూడా చెప్పాడు. ముందు దేవుడికి పూజ, అందరికీ భోజనాలు. మగవాళ్లు 10 నుంచి 14 అడుగుల లోతు తవ్వితే, ఆడవాళ్లూ పిల్లలూ ఆ మట్టిని మోసుకెళ్లి రెండడుగుల గోడ కట్టిన మడిలో పోసేవాళ్లు. గోతిలో ఊరిన నీళ్లు కుండలతో తోడి పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, బురదను వదిలించేవాళ్లు. మిగిలిన ఇసుకను ఎండబెట్టి, ధాన్యంలా తూర్పారబట్టి, గడ్డలను కర్ర రోకళ్లతో దంచి, చివరికి చేతులతో వెతికేవాళ్లు. కోహినూర్ ఇక్కడిదేనంటారు. టావెర్నియే పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రమూ ఇక్కడిదేనంటారు. దాని నుంచి వచ్చిన హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. రాళ్లకైతే పేర్లున్నాయి. మట్టి మోసిన ఆ తల్లుల్లో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు.

మన వీరులపాడు పక్కనున్న పరిటాలదీ ఇదే చరిత్ర. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్లకు పోయినా, వజ్రాల కోసమే నిజాం పరిటాలతోపాటు చుట్టుపక్కల ఊళ్లను తన కిందే ఉంచుకున్నాడు. ఆ ప్రాంతంలోనే ఉన్న గుడిమెట్లలో వాన పడితే జనం ఇప్పటికీ రాళ్లు వెతుకుతారు.

కొల్లూరు మాత్రం మూతపడి మరుగునపడింది. టావెర్నియే చెప్పిన గని ఇదేనని మళ్లీ గుర్తుపట్టింది 19వ శతాబ్దం చివర్లో, ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్.

తర్వాత వచ్చింది ఆనకట్ట. నాగార్జునసాగర్‌కూ ప్రకాశం బ్యారేజీకీ మధ్య వరద నీటిని ఆపి, కృష్ణా డెల్టా నారుమళ్లకు వేళకు అందించాలన్నది ఉద్దేశం. పులిచింతల దగ్గర 45.77 టీఎంసీల జలాశయం 2013 డిసెంబరులో ప్రారంభమైంది. కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. ఆ నీళ్లు డెల్టాకు అవసరం, కాదనలేం. కానీ గుంటూరు, నల్గొండ ఒడ్డుల్లో ఎన్నో ఊళ్లు మునిగాయి, వాటిలో కొల్లూరు ఒకటి. పులిచింతల చూడటానికి వచ్చే పిల్లలకు గేట్లూ టీఎంసీల లెక్కలూ ఎలాగూ చెబుతాం. ఆ నీళ్ల కింద వేల మంది కూలీల రెక్కల కష్టం ఉందని కూడా చెప్పి తీరాలి.