మా తలుపు, ఒక రందా, రెండు వేల ఏళ్ళు

పోయిన వానాకాలం మా ఇంటి మెయిన్ డోర్ ఉబ్బిపోయి పట్టేసింది. మాదాపూర్‌లో ప్లైవుడ్ పనికి ఎంతమందైనా దొరుకుతారు, టేకు తలుపు అనగానే "రాలేం సార్" అంటున్నారు. చివరికి ఒక పెద్దాయన వచ్చారు. కరెంట్ మిషన్ తీస్తారనుకున్నా. సంచీలోంచి చెక్క దిమ్మ ఒకటి తీశారు.

"చిత్రిక కదా బాబాయ్?" అన్నా.

"మీ వైపు చిత్రిక, మా దగ్గర రందా" అని నవ్వారు.

అక్కడ నాకు పురుగు కుట్టింది. రందా ఫార్సీ మాట. ఇరాన్‌లో వడ్రంగి పనిముట్టునీ, కూరగాయలు తురిమేదాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు. కుతుబ్‌షాహీల కాలంలో ఫార్సీ ఇక్కడ దర్బారు భాష. ఆ భాషలోని మాట ఈయన సంచీలో ఉంది చూడండి! మన చిత్రికేమో రచయితల చేతికి పోయింది, వాళ్ళు కథల్ని చిత్రిక పడతారు.

పనిముట్టు వయసు ఇంకా ఎక్కువ. 79వ సంవత్సరంలో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన పాంపేయిలో చిత్రికలు దొరికాయి. ఏటవాలుగా కూర్చున్న ఇనుప బ్లేడు, దాన్ని బిగించే చీల. మా వరండాలో ఉన్నదీ అదే డిజైన్. 1869లో స్టాన్లీ కంపెనీ లెనార్డ్ బెయిలీ పేటెంట్లు కొనేసి, స్క్రూ తిప్పితే బ్లేడు సర్దుకునే ఇనుప చిత్రికల్ని ప్రపంచమంతా అమ్మింది. 1958లో జపాన్‌లో మకిటా కరెంటు చిత్రిక తెచ్చింది. ఈయన మాత్రం సుత్తితో చిన్న దెబ్బ కొట్టి బ్లేడు సర్దుకున్నారు.

తలుపు ఊడదీసి అంచు పైకొచ్చేలా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశారు. పొడుగు రందా ఎందుకంటే, అది గుంతల్లోకి దిగదు, మిట్టల మీదే నడుస్తుంది. మిట్టలు అరిగేకొద్దీ పొర పొడుగవుతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి తెగకుండా ఒకే పొర వచ్చిందంటే అంచు సాపైనట్టే. పోగుకి ఎదురు పోతే మాత్రం పిల్లి వీపు ఎదురు నిమిరినట్టే, చెక్క లేచి చిరుగుతుంది. నాకిచ్చారు, నేను అదే చేశా.

1998 నవంబర్ 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు కదా, ఆ తర్వాతే ఈయన పని కోసం ఇటొచ్చారట. ఆఫీసులన్నీ ప్లైవుడ్డే. దుంగని తిప్పుతూ పల్చటి పొరలు తీసి, అడ్డం నిలువు అతికించి ప్రెస్‌లో నొక్కుతారు. 8 అడుగుల షీటు సాపుగానే దిగుతుంది, ఇక రందాతో పనేముంది?

కొడుకు గచ్చిబౌలి వైపు మాడ్యులర్ కిచెన్లు బిగిస్తాడట. రందా బ్లేడు నూరడం రాదు.

"నేర్పలేదా బాబాయ్?"

"వాడు అడగలే, నేను చెప్పలే."

శనివారం మళ్ళీ వస్తానన్నారు, నాకు నూరడం చూపిస్తారట. వీడియో తీయనిస్తే పెడతా.