స్కూబా రెగ్యులేటర్ల మరమ్మతు, విడిభాగాల విధానం

స్కూబా రెగ్యులేటర్ సిలిండరులోని అధిక పీడన గాలిని, డైవర్ ఉన్న లోతులోని నీటి పీడనానికి తగ్గించి నోటికి అందించే పరికరం. ఫ్రాన్సులో 1943లో జాక్ కూస్టో, ఎమీల్ గాన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ నేటి రెగ్యులేటర్లకు మూలం.

ఇందులో మొదటి దశ సుమారు 200 బార్ల పీడనాన్ని, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9–10 బార్లు ఎక్కువ ఉండే స్థాయికి (మధ్యస్థ పీడనానికి) దించుతుంది. రెండో దశ పీల్చినప్పుడు మాత్రమే గాలి వదులుతుంది. అరిగేవి చాలావరకు చిన్న భాగాలే: ఓ-రింగులు, వాల్వు సీట్లు, ఫిల్టరు. మొదటి దశ సీటు దెబ్బతింటే మధ్యస్థ పీడనం మెల్లగా పెరిగి, నోటి దగ్గర గాలి ఆగకుండా కారుతుంది.

విడిభాగాలు చవకైనా అవి దొరకడం తేలిక కాదు. స్కూబాప్రో వంటి పెద్ద తయారీదారులు సర్వీసు కిట్లను, మరమ్మతు పుస్తకాలను ప్రధానంగా అధీకృత డీలర్లకే ఇస్తారు. వారంటీని కూడా అక్కడి సర్వీసుతో ముడిపెడతారు. ప్రాణాధార పరికరమన్న భద్రతా వాదన, ప్రమాదం జరిగితే చట్టపరమైన బాధ్యత ఇందుకు కారణాలు. డీలర్ల ఆదాయమూ దీనితో ముడిపడి ఉంది. సొంతంగా విప్పేవారికి పనిముట్లతో పాటు మధ్యస్థ పీడనాన్ని కొలిచే గేజీ కూడా ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్‌లో వినోద స్కూబా విశాఖపట్నం తీరంలో ఉంది. అయితే మరమ్మతు హక్కు (కొన్న వస్తువును తానే గానీ, నచ్చినచోట గానీ బాగుచేయించుకునే హక్కు) కోసం కేంద్రం 2022 డిసెంబరులో ప్రారంభించిన పోర్టల్ వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలకు ఉద్దేశించింది. పొలాల్లోని ట్రాక్టరు ఆ పరిధిలోకి వస్తుంది. డైవింగ్ పరికరాలు ఆ నాలుగు రంగాల్లో లేవు.