వేటకు వరస కట్టిన కథ

ఒక మైదానంలో ఈ ఏడు వంద జంతువులను వేటాడినా మందకు నష్టం లేదనుకుందాం. వేటాడతామని ముందుకొచ్చినవాళ్ళు వెయ్యిమంది. ఆ వంద ఎవరికివ్వాలి? ఎక్కువ డబ్బు పెట్టినవాడికిస్తే వేట జమీందారీ వినోదమైపోతుంది. ముందొచ్చినవాడికిస్తే ఊళ్ళో ఉన్నవాడిదే రాజ్యం. చీటీలు తీస్తే పదేళ్ళుగా అడుగుతున్నవాడూ, నిన్ననే తుపాకీ కొన్నవాడూ ఒకటే అవుతారు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు ఈ చిక్కుకు కనిపెట్టిన విరుగుడే ప్రిఫరెన్స్ పాయింట్. ఆ విరుగుడు ఇప్పుడు ఇంకో ప్రశ్న పుట్టించింది: కూడబెట్టిన పాయింట్లను ఎప్పుడు ఖర్చు పెట్టాలి?

ప్రాంగ్‌హార్న్ వేటను పట్టుకుని చూస్తే ఈ కథ బాగా అర్థమవుతుంది. ఆ జంతువు చూపులకు మన కృష్ణజింకకు చుట్టంలా ఉంటుంది కానీ దగ్గర చుట్టరికమేమీ లేదు. ఇవాళ బతికున్న వాటిలో దానికి దగ్గరివి జిరాఫీ, ఒకాపి. గంటకు 88 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు. దాన్ని ఆ వేగంతో తరమగల జంతువేదీ ఇప్పుడు ఉత్తర అమెరికాలో లేదు. ఏనాడో అంతరించిపోయిన అమెరికన్ చీతా నుంచి తప్పించుకునే రోజుల్లో అబ్బిన పరుగు అది అని జీవశాస్త్రజ్ఞుడు జాన్ బయర్స్ వాదన. చీతా ముందు పనికొచ్చిన పరుగు తుపాకీ ముందు పనికిరాలేదు. 19వ శతాబ్ది మొదట్లో మూడు, నాలుగు కోట్లు ఉండేవని అంచనా. 1920లలో లెక్క తీస్తే ముప్పై వేల దరిదాపుల్లో తేలాయి. మాంసం కోసం, చర్మం కోసం సాగిన వ్యాపార వేట ఒక కారణం. రైలుమార్గాలూ ముళ్ళకంచెలూ మరో కారణం. ఇంత పరుగరి కంచె కనబడితే దూకడానికి ఇష్టపడదు, కింద సందు వెతుక్కుని పాకుతుంది.

అక్కడి నుంచి వెనక్కి తెచ్చింది మాత్రం వేటగాళ్ళ డబ్బే. రాష్ట్రాలు వేటను ఆపేశాయి. 1931లో నెవాడాలో షెల్డన్, 1936లో ఒరెగాన్‌లో హార్ట్ మౌంటెన్ అభయారణ్యాలు వెలిశాయి. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్నును వన్యప్రాణుల పనికే కేటాయించి రాష్ట్రాలకు పంచింది. మందలు పెరిగాక వేట మళ్ళీ తెరిచారు, ఈసారి లెక్క ప్రకారం. రాష్ట్రాన్ని యూనిట్లుగా కోసి, ఒక్కో యూనిట్‌కు ఏటా ఇన్ని లైసెన్సులని నిర్ణయించారు. లైసెన్సుతో పాటు వచ్చే చీటీని చంపిన జంతువుకు కట్టాలి కాబట్టి వేటగాళ్ళ నోట దాని పేరు ట్యాగ్.

ఇక్కడ చట్టంలో ఒక మెలిక ఉంది. నేల ఎవరిదైనా జంతువు మాత్రం రాష్ట్ర ప్రజలదని 1896లో అమెరికా సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పును 1979లో కొట్టేసినా, రాష్ట్రాలు తమ పౌరులకు పెద్దపీట వేసే పద్ధతి పోలేదు. ఎల్క్ అనే పెద్ద దుప్పి వేట లైసెన్సుకు బయటి రాష్ట్రాలవాళ్ళ దగ్గర మోంటానా ఎన్నో రెట్లు వసూలు చేయడం తప్పు కాదని 1978లో అదే కోర్టు ఒప్పుకుంది. బయటివాళ్ళకు పది శాతమే అన్న ఆరిజోనా నిబంధనను ఒక అప్పీలు కోర్టు 2002లో తప్పుపడితే, 2005లో అమెరికా కాంగ్రెస్ ఏకంగా చట్టం చేసి రాష్ట్రాల పక్షాన నిలిచింది. కాబట్టి వ్యోమింగ్‌లో మైళ్ళకు మైళ్ళు విస్తరించిన ఫెడరల్ భూమి అమెరికన్లందరిదీ అయినా, ఆ భూమి మీద మేసే ప్రాంగ్‌హార్న్‌ను కోరే ఒహాయో వేటగాడు వెనక వరసలోనే నిలబడాలి. వ్యోమింగ్‌లో డ్రా ద్వారా ఇచ్చే ప్రాంగ్‌హార్న్ లైసెన్సుల్లో బయటివాళ్ళ వాటా 20 శాతం.

ఆ వాటాకు డ్రా తీయడం న్యాయమే. కానీ న్యాయంగా ఉన్నంత మాత్రాన మనసు ఊరుకోదు. తిరుమల సుప్రభాత సేవకు ఎలక్ట్రానిక్ డిప్‌లో నెలనెలా పేరిచ్చి ఒక్కసారీ తగలని భక్తుడికి ఈ బాధ వివరించనక్కర్లేదు. మొదటిసారి పేరిచ్చిన పక్కింటాయనకు తగిలిందని తెలిస్తే అసలే అక్కర్లేదు. పాయింట్ పుట్టింది ఆ ఉక్రోషంలోంచే. దరఖాస్తు పెట్టి ఓడిపోయిన ప్రతి ఏడాదికీ ఒక పాయింట్. ఎక్కువ పాయింట్లున్నవాడికి ముందు. ట్యాగ్ దొరికిందా, మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఆలోచన ఒకటే, తలా ఒక రకంగా కుట్టుకున్నారు. కొలరాడో దాన్ని నిక్కచ్చిగా పట్టుకుంది: పై నుంచి కిందికి, చాలామటుకు పాయింట్ల వరస ప్రకారమే. నెవాడా వాళ్ళు పాయింట్లను వర్గం చేసి, ఒకటి కలిపి, అన్ని చీటీలు వేస్తారు. పది పాయింట్లున్నవాడికి 101 చీటీలన్నమాట, అయినా ఒక్క చీటీ ఉన్నవాడికీ తగిలే అవకాశం ఉంటుంది. యూటా సగం ట్యాగులను పాయింట్ల పెద్దలకిచ్చి సగం చీటీలకు వదిలింది. న్యూ మెక్సికో, ఐడహో మాత్రం ఈ తలనొప్పి మాకొద్దని ఉత్త లాటరీతోనే ఉండిపోయాయి. ఇప్పటి పరిస్థితి చూస్తుంటే అందరికంటే తెలివైన పని చేసింది వాళ్ళేనేమో అనిపిస్తుంది.

వ్యోమింగ్ ఆలస్యంగా వచ్చింది. మూస్‌కు, కొండగొర్రెకు 1995లోనే పాయింట్లు పెట్టినా, ప్రాంగ్‌హార్న్‌కూ ఎల్క్‌కూ డీర్‌కూ బయటివాళ్ళకు పాయింట్లు అమ్మడం 2006లో మొదలైంది. అమ్మడమనే అనాలి. ప్రాంగ్‌హార్న్ పాయింట్ ఒక్కటీ 31 డాలర్లు. బయటివాళ్ళ ట్యాగుల్లో 75 శాతం పాయింట్ల వరసకు, 25 శాతం అందరికీ కలిపి తీసే డ్రాకు. తమాషా ఏమిటంటే వ్యోమింగ్ సొంత పౌరులకు ప్రాంగ్‌హార్న్ పాయింట్లు లేనే లేవు. వాళ్ళకు ఉత్త డ్రానే. వరసలో నిలబెట్టి రుసుము తీసుకోవలసినవాళ్ళు బయటివాళ్ళేనని రాష్ట్రం ముందే గ్రహించినట్టుంది.

దరఖాస్తు పెట్టకపోయినా పాయింట్ కొనుక్కోవచ్చు. జూలై నుంచి అక్టోబర్ చివరి దాకా ఆ కిటికీ తెరిచే ఉంటుంది. ఈ ఏడు పెళ్ళో, పురుడో ఉండి వేటకు రాలేనివాడు వరసలో చోటు కోల్పోకూడదన్న సదుద్దేశం అందులో ఉంది. ఖజానాకు రాబడీ ఉంది. కానీ అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. డ్రా ఫలితాల్లో దరఖాస్తు పెట్టినవాళ్ళే కనబడతారు. పాయింట్లు కొని ఇంట్లో కూర్చున్న వేలమంది ఏ ఏడాది, ఏ యూనిట్ మీదికి దిగుతారో ఎవరికీ తెలియదు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక మంచి యూనిట్‌లో పాయింట్ల వరసకు ఏటా 30 ట్యాగులు. పది పాయింట్లున్నవాళ్ళు 300 మంది దాన్నే అడుగుతున్నారు. ఈ ఏడు 30 మందికి దొరుకుతుంది. మిగిలిన 270 మంది వచ్చే ఏడు పదకొండు పాయింట్లతో తిరిగొస్తారు. ఎవరూ తప్పుకోకపోతే ఆ గుంపు తీరడానికి పదేళ్ళు. ఇవాళ తొమ్మిది పాయింట్లున్నవాడు ‘ఇంకొక్క ఏడాది ఆగితే చాలు’ అనుకుంటాడు. వాడి వంతు వచ్చేసరికి వాడి దగ్గర పంతొమ్మిది ఉంటాయి. దీన్నే అక్కడ పాయింట్ క్రీప్ అంటారు. వరస ముందుకు కదులుతూనే ఉంటుంది, గడప మాత్రం అంతకంటే వేగంగా వెనక్కి జరుగుతుంది. ఓర్పుకు బహుమానమని పెట్టిన పాయింట్, అందరూ ఓర్పు పట్టేసరికి విలువ పోగొట్టుకుంది.

మరి ఎప్పుడు వాడాలి? నన్నడిగితే ప్రాంగ్‌హార్న్ విషయంలో త్వరగానే. దానికి కారణం ఆ జంతువు కొమ్ములోనే ఉంది. మగ ప్రాంగ్‌హార్న్ కొమ్ముకు లోపల ఎముక, పైన ఒక తొడుగు. ఆ తొడుగు ఏటా ఊడి మళ్ళీ పెరుగుతుంది. మూడేళ్ళకల్లా కొమ్ము దాదాపు పూర్తి పరిమాణానికి చేరుతుంది. కొమ్ములు బాగా తీరిన మ్యూల్ డీర్ కావాలంటే అది ఐదారేళ్ళు తుపాకీ తప్పించుకుని బతికి ఉండాలి. ప్రాంగ్‌హార్న్‌కు అంత నిరీక్షణ అక్కర్లేదు కాబట్టి, రెండు పాయింట్ల యూనిట్‌లోనూ మంచి మగది కనబడవచ్చు. పన్నెండు పాయింట్ల యూనిట్‌కూ దానికీ తేడా ఉంది, పదేళ్ళ జీవితం ధార పోసేంత లేదు. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ రికార్డుల పుస్తకానికెక్కే, కొలతలన్నీ కలిపితే 82 అంగుళాలు వచ్చే కొమ్ములే కావాలనుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ పిచ్చికి లెక్కలు పనికిరావు.

ఇక పాయింట్ల కంటే వాతావరణాన్ని ఎక్కువ చూడాలి. చలికాలం తేలిగ్గా గడిచి, వసంతంలో వాన పడితే ఆ ఏడు కొమ్ములు బాగుంటాయి, పిల్లలూ బతుకుతాయి. బయటివాళ్ళ దరఖాస్తుకు గడువు జూన్ మొదట్లో ముగుస్తుంది కనుక, అప్పటికి చలికాలం ఏం మిగిల్చిందో తెలిసిపోతుంది. 2022–23 చలికాలం సంగతే చూడండి. పశ్చిమ వ్యోమింగ్‌లో మంచు గట్టిపడి, మేత అందక, దానికి తోడు పైన్‌డేల్ దగ్గర మైకోప్లాస్మా బోవిస్ అనే బాక్టీరియా తెచ్చే న్యుమోనియా కూడా అంటుకుని, సబ్లెట్ మంద సగానికి పైగా పోయింది. శాఖ వేల లైసెన్సులకు కోత పెట్టింది. ఆ ప్రాంతం కోసం ఏళ్ళ తరబడి పాయింట్లు దాచుకున్నవాడికి ఒక్క చలికాలంలో గడప నాలుగడుగులు వెనక్కి పోయింది. బ్యాంకులో డబ్బయితే వడ్డీ అయినా వస్తుంది.

రూల్స్ మారవన్న పూచీ కూడా లేదు. 2022లో వ్యోమింగ్ శాసనసభ మూస్, కొండగొర్రె ట్యాగుల్లో బయటివాళ్ళ వాటాను పది శాతానికి దించేసింది. దశాబ్దాలుగా ఆ వరసలో ఉన్నవాళ్ళ పాయింట్లు అలాగే ఉన్నాయి, వాటితో కొనగలిగేదే తగ్గింది. ప్రాంగ్‌హార్న్‌కూ ఆ కొలత పెట్టాలన్న మాట అప్పుడప్పుడు లేస్తూనే ఉంటుంది. ఇంకోపక్క బయటివాళ్ళ ట్యాగుల్లో 40 శాతం ‘స్పెషల్’ అనే వేరే వరసలో ఉంటాయి. ఎక్కువ రుసుము కడితే తక్కువ పోటీ అన్నది దాని ఉద్దేశం. 2024లో ఆ రుసుమును 614 డాలర్ల నుంచి ఏకంగా 1,200 డాలర్లకు పెంచారు. మామూలు వరసలో 326. డబ్బు దొడ్డిదారిన లోపలికొచ్చిందని కొందరి గొణుగుడు. అందులో నిజం లేకపోలేదు.

నేల సంగతి మరచిపోయి పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళు బోలెడు. తూర్పు వ్యోమింగ్‌లో కొన్ని యూనిట్లకు పాయింట్ లేకుండానే ట్యాగ్ వస్తుంది, ఎందుకంటే నేలంతా రాంచ్ యజమానులది. లోపలికి అడుగుపెట్టాలంటే వాళ్ళకు విడిగా సొమ్ము చెల్లించుకోవాలి. నైరుతిలో రెడ్ డెజర్ట్ వైపు ప్రభుత్వ భూమి విస్తారంగా ఉంటుంది కనుక అక్కడ పాయింట్ల గిరాకీ ఎక్కువ. మధ్యలో యూనియన్ పసిఫిక్ రైలుమార్గం పొడవునా 1860లలో ఇచ్చిన భూదానం వల్ల ఒక చదరపు మైలు ప్రభుత్వానిది, పక్కది ప్రైవేటుది, ఇలా గళ్ళుగళ్ళుగా పడి ఉంది. ప్రభుత్వ గడి మూల నుంచి ఎదుటి ప్రభుత్వ గడి మూలకు, ప్రైవేటు నేల తొక్కకుండా దాటడం నేరమా కాదా అన్న తగువు ఎల్క్ మౌంటెన్ దగ్గర రేగింది. 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ళవైపే తీర్పిచ్చింది. నిన్నటిదాకా పనికిరాదనుకున్న గళ్ళు తెరుచుకుంటే, చవగ్గా దొరికే కొన్ని యూనిట్లు మునుపటంత చవగ్గా ఉండకపోవచ్చు.

అనుభవం ఉన్నవాళ్ళు వాడే కిటుకులు కొన్ని ఉన్నాయి. వ్యోమింగ్‌లో జట్టుగా దరఖాస్తు పెడితే అందరి పాయింట్లకు సగటు తీస్తారు. ఎనిమిది పాయింట్లున్న తండ్రి, సున్నా ఉన్న కొడుకుతో కలిస్తే ఇద్దరికీ నాలుగు. కొలరాడోలో ఆ పప్పులుడకవు, జట్టులో ఎవరికి తక్కువుంటే అందరికీ అదే లెక్క. వ్యోమింగ్‌లో పాయింట్లు కరిగేది ఫారంలో రాసిన మొదటి కోరిక దొరికినప్పుడే. రెండో కోరికలో ట్యాగ్ వస్తే పాయింట్లు అలాగే ఉంటాయి. అందుకని మొదటి గడిలో కలల యూనిట్, రెండో గడిలో ఎవరూ అడగని యూనిట్ రాసి, ఏటా వేటాడుతూనే పాయింట్లు పెంచుకునేవాళ్ళున్నారు. వరసగా రెండేళ్ళు దరఖాస్తూ పెట్టక, పాయింటూ కొనకపోతే కూడబెట్టినదంతా సున్నా అవుతుంది. ఇది మరచిపోయి బావురుమన్నవాళ్ళూ ఉన్నారు.

ఇవాళ ఇరవై ఏళ్ళ కుర్రాడెవరైనా ఏటా 31 డాలర్లు కట్టడం మొదలుపెట్టినా, 2006లో చేరినవాళ్ళు కదలకుండా వరసలో ఉన్నంతకాలం వాళ్ళను ఒక్క పాయింటయినా దాటలేడు. అతనికి మిగిలిన దారులు మూడు: ఆ 25 శాతం డ్రా, ఆడ ప్రాంగ్‌హార్న్‌లనూ వాటి పిల్లలనూ వేటాడేందుకు ఇచ్చే విడి లైసెన్సులు, ఫారంలో రెండో గడి. ఈ మూడింటికీ పాయింట్లతో పనిలేదు.