దళారి లేని బజారు అనే జోస్యం

1877లో భారత తపాలా శాఖ ఒక కొత్త ఏర్పాటు మొదలుపెట్టింది. పేరు వాల్యూ పేయబుల్ పోస్ట్. జనం నోట అది వి.పి.పి. అయింది. మద్రాసులోని పుస్తకాల కొట్టుకు ఒక కార్డు రాసి పడేస్తే చాలు, కొట్టువాడు పార్సిలు కట్టి తపాలాలో వేసేవాడు. పోస్ట్‌మాన్ దాన్ని ఊళ్లోకి తెచ్చి, డబ్బు చేతిలో పడ్డాకే పార్సిలు వదిలేవాడు. ఆ డబ్బు తిరిగి తపాలా దారినే అమ్మినవాడికి చేరేది. కొనేవాడు అమ్మేవాడి మొహం చూడలేదు, అమ్మేవాడికి కొనేవాడి ఊరు ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఇద్దరూ నమ్మినవాడు పోస్ట్‌మాన్ ఒక్కడే. పొడుపుకథలో తొంభై ఆమడలు పోయే తోకలేని పిట్ట ఉత్తరమే కావచ్చు గానీ, బేరం తెగింది ఆ పిట్ట వల్ల కాదు, మధ్యలో పూచీ పడ్డ మనిషి వల్ల. తెలుగు పత్రికల్లో మందులకూ పంచాంగాలకూ పుస్తకాలకూ వచ్చిన ప్రకటనల అడుగున ఆ మూడక్షరాలు తరాల పాటు అచ్చయ్యాయి. విప్పి చూడకముందే డబ్బు కట్టాలి గనక లోపల సరుకుందో ఇటుకముక్క ఉందో అన్న బెంగ అప్పుడూ ఉండేది. ఉన్నా వ్యాపారం సాగింది.

ఇంటర్నెట్ వ్యాపారం గురించి ముప్ఫై ఏళ్లుగా చెబుతూ వస్తున్న జోస్యాల్లో అన్నిటికన్నా గట్టిగా వినిపించిందీ, అన్నిటికన్నా ఘోరంగా తప్పిందీ ఒకటే: మధ్యవాడు పోతాడన్నది. తీగ ఎంత దూరం వెళ్తుందో, వేగం ఎంత పెరుగుతుందో చెప్పినవాళ్లు చాలావరకు నెగ్గారు. ఆ తీగకు రెండు కొసల మధ్య ఎవరు నిలబడతారన్న దగ్గరే బోల్తాపడ్డారు. వి.పి.పి. లాంటి పాత రివాజులను కాస్త తిరగేసి ఉంటే, ఆ బోల్తా అంత పెద్దది అయ్యేది కాదన్నది ఈ వ్యాసం చేసే వాదన.

1995 ఈ జోస్యాలకు మంచి సీజను. ఆ ఏడు బిల్ గేట్స్ ‘ది రోడ్ అహెడ్’ అనే పుస్తకం రాసి, రాపిడి లేని పెట్టుబడిదారీ విధానం రాబోతోందని ఒక అధ్యాయమంతా చెప్పాడు. కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలిస్తే, ఆ తెలియనితనం మీద బతికే దళారికి పని ఉండదన్నది తర్కం. న్యాయంగా చెప్పాలంటే, నెట్టే అందరినీ మించిన మధ్యవర్తి అవుతుందని కూడా ఆయన అదే పుస్తకంలో అన్నాడు; లోకం మొదటి సగాన్నే పట్టుకుంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఖగోళశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ ‘న్యూస్‌వీక్’లో పూర్తిగా ఎదురు పాట పాడాడు. నెట్‌లో డబ్బు పంపడానికి నమ్మదగిన దారి లేదు, సరుకు చూపించి మాట్లాడే మనిషీ లేడు, కాబట్టి ఆన్‌లైన్ వ్యాపారం ఒట్టి మాట అన్నాడు. స్టోల్‌ను ఇప్పటికీ వెక్కిరిస్తుంటారు. నిజానికి ఆయన చూపిన కారణాలు అక్షరాలా సరైనవి, తేల్చిన ఫలితమే తప్పు. ఆ రెండు లోటూ తీర్చే మధ్యవాడు పుట్టుకొస్తాడని ఆయనకు తోచలేదు. (ఈథర్‌నెట్‌ను కనిపెట్టిన బాబ్ మెట్‌కాఫ్ 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని 1995లోనే రాశాడు, కూలకపోయేసరికి 1997లో సభలో అందరి ముందు తన వ్యాసం కాగితాన్ని మిక్సీలో వేసి తాగేశాడు. మాట మింగడమంటే అది. మన జోస్యులకు ఆ మర్యాద లేదు.)

మన దేశంలో ప్రభుత్వ టెలికాం సంస్థ వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది. నాలుగేళ్లు తిరిగేసరికి పూనకం వచ్చింది. సత్యం కంప్యూటర్స్ బిడ్డ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో అమెరికా నాస్‌డాక్‌లో నమోదై, మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల గుత్తిని 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఆ అంకె చాన్నాళ్లు కబుర్లకు సరిపోయి ఉంటుంది. అదే ఏడు బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. అప్పుడు క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు తక్కువ, ఉన్నా దాని అంకెలు కంప్యూటర్‌లో కొట్టే ధైర్యం ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. కొన్నేళ్లకు ఆ సంస్థే గోడలూ అరలూ ఉన్న అసలు దుకాణాలు పెట్టుకుంది. అవి మన హైదరాబాదీ త్రినేత్ర సూపర్‌మార్కెట్లతో కలిసి, చివరికి ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లాయి. స్థాపకుల్లో కొందరు 2011లో మళ్లీ అదే పనికి దిగి బిగ్‌బాస్కెట్ పెడితే, ఈసారి నిలిచింది. సరుకు అదే, మనుషులూ చాలావరకు వాళ్లే. ఆ రెండు ప్రయత్నాల మధ్య మారిన వాటిలో ఫోను ఉంది, వేగం ఉంది, ఒప్పుకోవాల్సిందే. కానీ వాటితో పాటు మారిన ఇంకొకటి లెక్కలోకి రావడం లేదు: ఇంటి గుమ్మం దగ్గర డబ్బు పుచ్చుకునే మనిషి అప్పటికి తయారై ఉన్నాడు.

ఆ మనిషి కథలో మన జిల్లా ఒకటి ఉంది. 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి, ఒక ఇంగ్లీషు పుస్తకం కోసం. ఆ పుస్తకం చేతిలో లేక స్థాపకులు బెంగళూరు కొట్లన్నీ గాలించి కొని పంపారన్నది ఆ సంస్థ చరిత్రలో తరచూ చెప్పుకునే ముచ్చట. అంటే దళారి లేని బజారులో తొలి బేరాన్ని కుదిర్చింది, అచ్చమైన పాతకాలపు దళారి చేసే పనే: ఎక్కడుందో వెతికి, కొని, తెచ్చి ఇవ్వడం. 2010లో ఫ్లిప్‌కార్ట్ సరుకు ముట్టాకే డబ్బు అనే పద్ధతి పెట్టాక చిన్న ఊళ్లలోనూ ఆర్డర్లు ఊపందుకున్నాయి. దీన్ని భారతీయ ఈ-కామర్స్ కనిపెట్టిన వింతగా అప్పట్లో మెచ్చుకున్నారు. ఖాకీ చొక్కా తీసేసి టీ-షర్టు తొడిగిన వి.పి.పి. అది. 1999లో జోస్యం చెప్పినవాళ్ల బల్ల మీద అమెరికా నివేదికలు ఉన్నాయి గానీ తపాలా శాఖ వార్షిక నివేదికలు లేవు. ఉండుంటే, మన జనం ముక్కూమొహం తెలియనివాడికి ముందు డబ్బు పంపరనీ, మధ్యలో చెయ్యి చాచేవాడు కావాలనీ, అలా చాచేవాణ్ణి వందేళ్లుగా వాడుకుంటూనే ఉన్నారనీ కనిపించేది.

ప్రభుత్వం వైపు చూసినా ఇదే. 1980ల చివర్లో ఫోను ఇంటింటికీ రాకముందే వీధి వీధికీ వచ్చింది, ఎస్టీడీ బూత్ రూపంలో. పడమటి దేశాల్లో గాజు గదిలో ఒంటరిగా వేలాడే ఫోను ఉండేది; మన దగ్గర దాని పక్కన కుర్చీ, కుర్చీలో మనిషి, అతని ముందు బిల్లు ఉమ్మే మిషను. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 డిసెంబరులో ట్విన్స్ పేరిట హైదరాబాద్‌లో ఒక ప్రయోగం చేసి, 2001 ఆగస్టు 25న దాన్ని ఈ-సేవగా మార్చింది. కరెంటు బిల్లుకొక క్యూ, నీళ్ల బిల్లుకొక క్యూ, ఫోన్ బిల్లుకొక క్యూ అన్న దుస్థితి పోయి ఒకే కౌంటర్ వచ్చింది. గమనించాల్సింది కౌంటర్ అన్న మాటను. జనం అక్కడికి వెళ్లింది కంప్యూటర్ కోసం కాదు, కంప్యూటర్ వెనక కూచుని రసీదు చేతికిచ్చే మనిషి కోసం. 2011లో మీసేవ వచ్చాక ఇది పల్లెలకు పాకింది. వీటికి పక్కవాయిద్యంగా ప్రతి మండల కేంద్రంలో జిరాక్స్ షాపే నెట్ సెంటర్ అయింది: ఎంసెట్ దరఖాస్తులు, ఉద్యోగ పరీక్షల హాల్‌టికెట్లు, ఆధార్‌లో ఇంటిపేరు దిద్దుబాట్లు. ఆన్‌లైన్ చేసిన ప్రతి సేవా ఊళ్లో ఒక కొత్త రుసుముకు తావిచ్చింది.

వ్యవసాయంలో ఇంకా స్పష్టం. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే ఐటీసీ వ్యవసాయ విభాగం 2000 జూన్‌లో మధ్యప్రదేశ్ సోయా పల్లెల్లో ఈ-చౌపాల్ మొదలుపెట్టింది. రైతు తెరమీద ధర చూసుకుని నేరుగా కంపెనీకి అమ్ముతాడు, మండీ దళారి బెడద వదులుతుంది. ప్రపంచమంతా దాన్ని అలాగే చదువుకుంది. లోపలి ఏర్పాటు వేరు. కంప్యూటర్ పెట్టింది ఊరు నమ్మిన ఒక రైతు ఇంట్లో, అతనికి సంచాలక్ అని పేరు, ప్రతి లావాదేవీ మీదా కమీషను. ఇక లెక్కలు, రవాణా, చెల్లింపులు చూసే సంయోజక్ ఎవరయ్యా అంటే, పాత కమీషన్ ఏజెంటే. కంపెనీ అమాయకంగా చేసింది కాదు ఇది. అరువు ఎవరికిస్తే తిరిగొస్తుంది, ఎవరి బస్తాలో తేమ ఎక్కువ అన్నది అతనికి తెలిసినంతగా ఏ తెరకూ తెలియదు. 2016 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో నిజామాబాద్ పసుపు మార్కెట్ చేరింది. వేలం కంప్యూటర్‌లోకి వెళ్లింది, ఆడ్తిదారు అనే కమీషన్ ఏజెంటు మాత్రం యార్డులోనే ఉన్నాడు. అతను పోవాలంటే వేలం పద్ధతి మారితే చాలదు, రైతుకు విత్తనాలప్పుడు పైకం సర్దేవాడు మరొకడు దొరకాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, బలమైనదే. మధ్యవాళ్లు పోలేదా? ఎస్టీడీ బూత్ ఏది? విమాన టికెట్ల ఏజెంట్లకు 2008 ప్రాంతంలో మన విమాన సంస్థలు కమీషను ఎత్తేశాక ఎన్ని దుకాణాలు మూతపడలేదు? పోయారు, నిజమే. అయితే ఎలాంటివాళ్లు పోయారో చూడాలి. ఖాళీ సీటు ఉందా లేదా, ధర ఎంత అన్న కబురు ఒక్కటే అమ్ముకున్నవాడు పోయాడు. కబురుతో పాటు పూచీ, అరువు, మోత, తగువు తీర్చడం, వీటిలో ఏ ఒక్కటి మోసినవాడైనా మిగిలాడు, లేదా వేషం మార్చుకున్నాడు. ఫణీంద్ర సామా, ఇంకా ఇద్దరు తెలుగు మిత్రులు 2006లో బెంగళూరులో పెట్టిన రెడ్‌బస్ దీనికి మంచి రుజువు. అప్పటిదాకా ప్రైవేటు బస్సు సీట్లు ఏజెంట్ల కాగితాల మీద తలా నాలుగు చొప్పున పంచి ఉండేవి. రెడ్‌బస్ ఆ కాగితాలను ఒకే తెర మీదికి తెచ్చింది. తెచ్చి, తానే కమీషను పుచ్చుకునే పెద్ద ఏజెంటు అయింది. వీధి చివరి ట్రావెల్స్ వాళ్లకు అవే సీట్లు అమ్ముకునే వీలు కూడా ఇచ్చింది. రైల్వే సంగతి మరీ చిత్రం. ఐఆర్‌సీటీసీ 2002లో ఇంటి నుంచే టికెట్ అంది. ఇప్పుడు తత్కాల్ తెరిచిన తొలి నిమిషాల్లో ఏజెంట్లు బుక్ చేయకూడదని నిబంధన పెట్టుకోవాల్సి వస్తోంది.

రెండో అభ్యంతరం యూపీఐ. 2016 ఏప్రిల్ 11న మొదలై, ఆ ఏడు అక్టోబరుకు నెలకు లక్ష చెల్లింపుల దగ్గర ఉన్న ఈ పద్ధతి, 2023 ఆగస్టులో నెలకు 1,000 కోట్లు దాటింది. ఇంత వేగాన్ని ఏ జోస్యుడూ చెప్పలేదు. జియో రాకా నోట్ల రద్దూ తోసిన తోపు ఎంతో ఇందులో ఉంది. ఖాతా నుంచి ఖాతాకు నేరుగా, మధ్యలో రుసుము లేకుండా. మధ్యవాడు పోయినట్టే కదా? అయితే ఆ చెల్లింపుల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు రెండే యాప్‌ల గుండా పోతున్నాయి. ఏ యాప్‌కూ 30 శాతానికి మించి వాటా ఉండకూడదని యూపీఐని నడిపే ఎన్.పి.సి.ఐ. 2020లోనే పరిమితి పెట్టి, గడువును మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 2026 చివరికి తెచ్చింది. ఇంతకీ కిరాణా కొట్టులో డబ్బు పడిందని నమ్మించేది యాప్ కూడా కాదు, తెలుగులో అరిచే ఆ చిన్న డబ్బా. దానికి నెలనెలా అద్దె కడుతున్నది కొట్టు యజమాని.

ఇదంతా చదువూ డబ్బూ చాలని సమాజపు లక్షణం, తరం మారితే పోతుందన్నది మూడో మాట. ఇది నిలవదు. చదువుకు కొదవ లేని అమెరికాలోనే అమెజాన్‌లో అమ్ముడయ్యే వస్తువుల్లో సగానికి పైగా ఇతర వర్తకులవి. వాళ్ల దగ్గర సంస్థ కమీషను, గిడ్డంగి అద్దె, ప్రకటన ఖర్చు మూడూ తీసుకుంటుంది. పసుపు మార్కెట్ కమీషన్ ఏజెంటుకు ఈ మూడు పద్దులూ కొత్తగా అనిపించవు. మీషో లాంటి ఉదాహరణ నా వాదనకు కొంత ఎదురు నిలుస్తుందని ఒప్పుకోవాలి. 2015లో మొదలై, వాట్సాప్‌లో చీరలు చూపించి అమ్మే ఆడవాళ్ల మీద ఎదిగిన ఆ సంస్థ, తర్వాత కొనేవాళ్లకే నేరుగా అమ్మడానికి మళ్లింది. అక్కడ చిన్న మధ్యవాళ్లు చాలామంది పక్కకు జరిగారు. జరిగిన చోట నిలబడింది మాత్రం కొనేవాడూ కాదు, నేతగాడూ కాదు.

ఇప్పుడు వినిపిస్తున్న జోస్యాలను ఈ చరిత్ర పక్కన పెట్టి చదవొచ్చు. ఓఎన్‌డీసీ అనే ఉమ్మడి ఆన్‌లైన్ వ్యాపార నెట్‌వర్క్ వస్తే పెద్ద యాప్‌ల పెత్తనం పోతుందని 2022 నుంచి చెబుతున్నారు. దాని నమూనాలో కొనేవైపు ఒక యాప్, అమ్మేవైపు ఒక యాప్, మోసేవాడు మరొకడు. ఒకడి చోట ముగ్గురు. సరుకు చెడితే ఎవరిని అడగాలన్న ప్రశ్న దానికి మొదటి నుంచీ ఇబ్బందే. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చినప్పుడు, ఇక కార్యాలయాల చుట్టూ తిరగనక్కర్లేదన్నారు. కార్యాలయం చుట్టూ తిరగడం తగ్గుతుందనే అనుకుంటాను. నెట్ సెంటర్ ముందు క్యూ తగ్గుతుందని మాత్రం పందెం కాయలేను: ధ్రువపత్రంలో పేరు తప్పుపడితే వాట్సాప్‌తో వాదించలేం. ఇక మన తరఫున వెతికి, బేరమాడి, డబ్బు కూడా కట్టేసే కృత్రిమ మేధ సహాయకుల గురించి చెబుతున్నది కొత్త జోస్యమేమీ కాదు. 1995 నాటి తర్కమే, ఈసారి మాట్లాడటం నేర్చుకుంది. ఆ సహాయకుడు ఎవరి జీతం తింటాడు, తప్పుడు సరుకు తెప్పిస్తే నష్టం ఎవరి ఖాతాలో రాసుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన రోజున దాని వ్యాపారం ఎటు పోతుందో చెప్పొచ్చు. వి.పి.పి. పార్సిలులో ఇటుక వచ్చినప్పుడు జనం ముందుగా నిలదీసింది మద్రాసు కొట్టును కాదు, పోస్ట్‌మాన్‌నే.