ఉత్తరాంధ్ర తొలి సాహిత్యం

ఉత్తరాంధ్ర సాహిత్య చరిత్రను తాటాకుతో మొదలుపెడితే సగం కథ జారిపోతుంది. అరకు, పాడేరు మన్యంలో, సవరల కొండల్లో దేవుళ్ల పుట్టుక, పోడు పంట, చావు పుట్టుకల పాటలు అక్షరం అక్కర లేకుండానే తరాలు దాటాయి. మైదానంలో జముకుల కథ ఉండేది. జముకు అంటే ఒక మూతికి తోలు బిగించిన పాత్ర. తోలు మధ్య నుంచి వచ్చిన నరాన్ని మీటితే ‘జముకు జముకు’మంటుంది. ఎల్లమ్మ కథ తెల్లవార్లూ దాని మీదే నడిచేది.

రాతలోకి వచ్చాక కూడా ఇక్కడి సాహిత్యం గొంతును వదల్లేదు. సింహాచలం అప్పన్న సేవలో కృష్ణమాచార్యుడు చెప్పిన ‘సింహగిరి వచనాలు’ తెలుగులో తొలి వచన రచనల్లో లెక్క. ఛందస్సు లేదు, లయ మాత్రం ఉంది. లక్షల్లో చెప్పాడని ఐతిహ్యం, దొరికినవి కొద్దే. 18వ శతాబ్దిలో గోగులపాటి కూర్మనాథకవి ‘సింహాద్రి నారసింహ శతకం’లో అదే అప్పన్నను నిలదీశాడు. శత్రుసేనలు గుడి మీదికి వస్తుంటే చూస్తూ కూర్చున్నావేమని దేవుణ్ణే దెప్పిపొడిచిన నిందాస్తుతి అది.

1757 జనవరి 24న యుద్ధంలో బొబ్బిలి కోట కూలింది. ఆ యుద్ధం జనం నోట బతికింది పెద్దాడ మల్లేశం జంగం కథ వల్ల. కథకుడు తంబూర మీటుతూ అందెలు మోగిస్తే వంతలు ‘తందాన తాన’ అందుకునేవారు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’ పండితుల మెప్పు పొందింది కానీ, ఊళ్లలో గెలిచింది జంగం కథే.

1805లో విశాఖపట్నానికి లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చారు. వాళ్లు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ కన్నుమూశారు.  కొండ భాషల వంతు మాత్రం అంత తొందరగా రాలేదు.

1892లో విజయనగరంలో ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’తో వీధిలో మాట్లాడే తెలుగు రంగస్థలం ఎక్కింది. అదే కాలంలో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకుంటున్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది.