ఉన్మాదప్రకరణము: చరకుని నుండి ఎల్బీనగరు వరకు

చరకసంహిత నిదానస్థానమున ఉన్మాదమునకు ప్రత్యేకముగ నొక అధ్యాయము కలదు. వాతపిత్తకఫములచేతను, ఆ మూడింటి కలయికచేతను పుట్టు నాలుగు విధములను చెప్పి, వెలుపలినుండి వచ్చి సోకు ఆగంతుకోన్మాదమును అయిదవదిగా లెక్కించిన ఆ గ్రంథము, దేవ గంధర్వ పిశాచాదులు లేరని వాదింపకయే, తన కర్మచే తాను చెడని మనుష్యుని వారెవ్వరును బాధింపజాలరనియు, మూలము ప్రజ్ఞాపరాధమనియు నిష్కర్షగా చెప్పినది. అంత ప్రాచీనకాలమున దయ్యమును పక్కకు తొలగించి రోగిని పరీక్షింపబూనుట సామాన్యమైన సాహసము కాదు. అయితే ఆ సిద్ధాంతములోనే రోగి యపరాధి యను భావమునకును చోటు దొరకినది. ఆ నింద నేటికిని మన యిండ్లను విడువలేదు.

వైద్యులు ఉన్మాదమును రోగముగ చూచుచుండగా ఆలంకారికులు దానిని ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నొకటిగ స్వీకరించిరి. విక్రమోర్వశీయము నాలుగవ యంకమున పురూరవుడు నెమలిని, తుమ్మెదను, ఏనుగును తన ప్రియురాలి జాడ యడుగుచు వనమెల్ల తిరుగును. సంగమనీయమణి చేజిక్కగానే ఆ యున్మాదము తీరిపోవును. కావ్యోన్మాదము సుందరము, అల్పాయుష్కము, సకారణము. ఇంటిలో పుట్టు వ్యాధికి ఈ మూడు లక్షణములలో నొకటియు లేదు. నిజమైన రోగి నెమలిని దారి యడుగడు; ఆ నెమలి తన్ను కనిపెట్టుటకై యెవరో పంపగా వచ్చినదని వణకును. మన కవులు విరహమునకును భక్తికిని ఉన్మాదమును ధారాళముగ నరువిచ్చిరి గాని, ఈ వణుకును గూర్చి పలికినది మిక్కిలి తక్కువ. అవధూతలపట్ల మన గ్రామములు చూపిన గౌరవము కొందరు రోగులకు కూడును నీడయు నిచ్చినమాట సత్యమే. ఆ గౌరవమే చికిత్స యక్కరలేదను నమ్మకమును గూడ పెంచినది.

ఆంగ్లేయ పాలనలో ఈ రోగులకు గోడలు లేచినవి. విశాఖపట్టణపు పిచ్చాసుపత్రి 1871లో వెలసినది. నిజాము రాజ్యమున జాల్నాలో నుండిన ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలివచ్చినది. 1912నాటి చట్టము ప్రధానముగ రోగిని నిర్బంధించు విధానమును గూర్చి చెప్పినది కాని, అతని హక్కులను గూర్చి కాదు. అందుచేతనే కాబోలు, ఆ యాసుపత్రులున్న చినవాల్తేరు, ఎర్రగడ్డ యను ఊళ్ల పేర్లు తిట్లుగ మారినవి. “ఎర్రగడ్డకు పంపవలె” నని నవ్వుచు ననువారికి, ఆ మాట వినుచు పక్కగదిలో కూర్చున్న పిల్లవాని తల్లి మనస్సు తెలియదు.

ఐరోపాలో ఎమిల్ క్రేపలిన్ 1890లలో ఉన్మాదములలో నొకదానిని యౌవనమున మొదలై బుద్ధిని క్రమముగ క్షీణింపజేయునదిగా వర్ణింపగా, స్విట్జర్లాండునకు చెందిన యూజెన్ బ్లాయిలర్ 1908లో దానికి స్కిజోఫ్రీనియా యను నామమిడి, అందరును క్షీణింతురను నిరాశను కొంత సడలించెను. మన దేశమున 1931లో గణనాథసేనుడును కార్తికచంద్ర బోసును ఉన్మాదమునందు సర్పగంధి గుణమును ప్రకటించిరి. 1952లో పారిసు నగరమున జాన్ డిలే, పియర్ డెనికర్ అనువారు క్లోర్‌ప్రొమజైన్ అను మందు ఉన్మాదముపై చూపు ప్రభావమును లోకమునకు తెలిపిరి. జాల్నానుండి రోగులు ఎర్రగడ్డకు చేరుట ఆ మరుసటి సంవత్సరమే! మందు పుట్టిన కాలమున ఎర్రగడ్డకు వచ్చిన ఆసుపత్రికి సంకెలల కాలపు అపఖ్యాతి యంటుకొనుట విచారింపదగినది.

భ్రమ యొక్క స్వభావమును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. 1810లో లండను వైద్యుడు జాన్ హాస్లమ్ తన రోగియైన జేమ్స్ టిలీ మాథ్యూస్ కథను గ్రంథముగ ప్రకటించెను: నేలమాళిగలో దాగిన దుండగులు వాయువులతో నడచు యంత్రమొకటి బిగించి తన తలంపులను త్రిప్పుచున్నారని ఆ రోగి నమ్మకము. యంత్రయుగపు ఆరంభమున యంత్రము. మెదకు సీమ పల్లెలో బాణామతి. నేటి హైదరాబాదు ఎల్బీనగరు అపార్టుమెంటులో పక్కింటివారు ఫోనుద్వారా తన మాటలు వినుచున్నారనియు, టీవీలో వార్తలు చదువునామె తన్నే యుద్దేశించి పలుకుచున్నదనియు. వేషము కాలమును బట్టి మారును. ఎన్ని సాక్ష్యములు చూపినను చలింపని నిశ్చయము మాత్రము మారదు. మెదడులో డోపమిన్ అను రసాయనము అదుపు తప్పి, లెక్కింపదగని చిన్న సంగతులకు గూడ పెద్ద యర్థమును తగిలించుచున్నదనియు, ఆ తగిలిన యర్థములకు మనస్సు కట్టుకొను వివరణయే భ్రమ యనియు నేటి శాస్త్రజ్ఞులు పెక్కుమంది తలంతురు. కావున భ్రమను తెలివిలేమి యనుట యన్యాయము. అది దారి తప్పిన తెలివి పడు శ్రమ.

తెలుగు నవల ఈ భ్రమల సీమకు మిక్కిలి దగ్గరగ నడచినది. గోపీచందుగారి అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు తనలో తాను తర్కించుకొనుచు శిథిలమగుటయు, బుచ్చిబాబుగారి చివరకు మిగిలేదిలో దయానిధి యంతర్మథనమును, 1969లో వచ్చిన నవీన్‌గారి అంపశయ్యలో ఉస్మానియా హాస్టలు విద్యార్థి రవి యొక్క ఒక్కనాటి చైతన్యస్రవంతియు మనస్సును మనకు లోపలినుండి చూపినవి. ఇవి గొప్ప కృతులు. కాని వారి నాయకులు తమ వేదనను తాము గుర్తెరిగినవారు. తాను రోగినని యెరుగని మనుష్యుని భయము, అతనికి అన్నము పెట్టబోయి విషము కలిపితివను నింద పడిన తల్లి దుఃఖము, వీనికి తగిన నవల మనకు రావలసియున్నది. సినిమాలు మరియొక చిక్కు తెచ్చినవి: 2005లో అపరిచితుడు చూచిన జనులు ఒక దేహమున పలు వ్యక్తులు మేల్కొనుటయే స్కిజోఫ్రీనియా యని తలపోసిరి. ఆ రెండును వేర్వేరు వ్యాధులు.

ప్రపంచమున సుమారు మూడువందల మందికొక్కరికి ఈ వ్యాధి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పురుషులలో అది పదునెనిమిది మొదలు పాతికలోపు వయస్సున తరచుగ బయటపడును. స్త్రీలలో కొంత యాలస్యముగ. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపునుండి విజయవాడ రహదారిపై బస్సులో వచ్చి ఎల్బీనగరు చౌరస్తాలో దిగి, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వసతిగృహములలో చేరి, పోటీ పరీక్షలకు చదువు యువజనుల వయస్సు సరిగ్గా అదియే. కోచింగు రోగకారణమని నేననను. వంశానుగతమైన సంసిద్ధత ఇందు బలమైనది. కాని ఇల్లు విడిచి, నిద్ర చెడి, పదిమంది నడుమ ఒంటరియై యున్న పిల్లవాడు తరగతులు మాని, స్నానము మాని, గోడవైపు తిరిగి గొణుగుకొనుచుండగా, తోటివారు ప్రేమవైఫల్యమనియు, ఇంటివారు సోమరితనమనియు, తాతమ్మ గాలి సోకినదనియు తలంచుటలో నెలలు గడచును. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేయించు తండ్రిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆ విశ్వాసము ఆయనకు నిలబడు బలమిచ్చును. ప్రదక్షిణలతో పాటు వైద్యుని యొద్దకును పోవలెనని మాత్రమే నా వేడికోలు.

దారి యిప్పుడు దూరము కాదు. 2018 సెప్టెంబరు మొదలు దిల్‌సుఖ్‌నగరులో మెట్రో ఎక్కినవారు బండి మారకయే ఎర్రగడ్డలో దిగవచ్చును. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము మొదలై, 1996లో జిల్లా పథకము ప్రారంభమైన నాలుగు జిల్లాలలో మన మెదకు నొకటి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో సంకెలలతో కట్టబడిన రోగులు అగ్నికి ఆహుతియైన పిదప దేశము కొంత కన్ను తెరచినది. 2017నాటి చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించి, చికిత్స పొందుటను హక్కుగ ప్రకటించినది. మానసిక సహాయమునకై 14416 అను నంబరునకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడుదురు.

ఇంటివారు చేయవలసినది కొంత కలదు. పిల్లవాని భ్రమ నిజముకాదని వాదించిన అతడు మనలను గూడ శత్రువులలో చేర్చును. నిజమేనని తలయూచిన భ్రమ గట్టిపడును. ఆ తగవు వైద్యునికి విడిచి, భయముగ నున్నదా, రాత్రి నిద్ర పట్టినదా యని యడుగవచ్చును. నెమ్మది కలిగినదని మాత్రలు మానినవారిలో వ్యాధి తిరుగబెట్టుట మెండు గనుక, రోజూ మ్రింగుట కుదరనివారికి కొన్ని వారముల కొకసారి యిచ్చు సూదిమందు గలదేమో వైద్యుని తప్పక యడుగవలెను.